వెనక సీటు బరువు

బండి పరీక్షకు పోయే మనిషి జుట్టుకు రంగు వేసుకుంటాడా? ఆయన వేసుకున్నాడు.

ఇస్త్రీ చొక్కా తొడిగాడు. అద్దంలో మీసం చూసుకున్నాడు. షెడ్డులోకి వచ్చి, నాలుగు చక్రాల క్వాడ్ బండి మీద రాజుగారిలా కూర్చున్నాడు.

"దుమ్ములో పోయే పనికి ఆ సోకేమిటి?" అంది ఆమె, సెన్సర్ వైరు బిగిస్తూ.

"దుమ్ముకి మాత్రం మర్యాద ఉండదా ఏమే?" అని నవ్వి, ఆయన బండి ఉరికించాడు.

ఆ షెడ్డుకు ఆమే పెద్ద దిక్కు. ఇంజన్‌కు చెవి ఆనిస్తే, అది నిన్న ఏ బంకులో పెట్రోలు తాగిందో చెప్పేస్తుందని వీధంతా చెప్పుకునేది. ఆ చెవికి తోడు ఇప్పుడు లాప్‌టాప్ వచ్చింది. బండికి కొత్త సైలెన్సర్ బిగించారు. దానికి తగ్గట్టు ఇంజన్‌లోకి గాలి ఎంత పోవాలో, పెట్రోలు ఎంత పోవాలో సరిచూడాలి. అందుకని సైలెన్సర్ గొట్టంలో ఒక సెన్సర్, సీటు కింద ఒక చిన్న పెట్టె. ఆయన క్వారీ రోడ్డు దాకా పోయి వస్తే చాలు. ఇంజన్ ఏ పాళ్లలో తాగింది, ఎంత వేగంగా ఉరికింది, యాక్సిలరేటర్ ఎంత నొక్కాడు, అన్నీ ఆ పెట్టె గీతలు గీసి పెడుతుంది. ఆ గీతలు చూసి ఆమె పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది.

ఆ గీతలే ఆమె కొంప ముంచాయి.

దారిలో ఎక్కడా ఆగొద్దని చెప్పి పంపింది. గీత చూస్తే, క్వారీ మలుపు దగ్గర బండి నిలబడి గురక పెట్టింది. సరే, మనిషన్నాక ఏ చెట్టు చాటుకో పోతాడు అనుకుంది. మరి ఆ తర్వాత సంగతి? అదే చదును రోడ్డు, అదే వేగం. యాక్సిలరేటర్ మాత్రం ఎక్కువ నొక్కి ఉంది. కొంత దూరం పోయి వచ్చి మళ్లీ ఆ మలుపులోనే ఆగాడు. అక్కణ్నుంచి బండి తేలికైపోయింది.

ఎక్కించుకున్నాడు. తిప్పాడు. దింపాడు.

సిమెంటు బస్తాను ఎవరూ షికారు తిప్పి, ఎక్కించిన చోటే దింపరు.

పక్క షెడ్డు వెల్డర్ నల్లద్దాలు పైకెత్తి తొంగిచూశాడు. "ఏం మేస్త్రమ్మా, మొహం అలా పెట్టావు? బండి పాళ్లు కుదరలేదా?"

"బండి బాగానే ఉంది. మనిషే పాళ్లు తప్పాడు."

"నేనూ చూస్తున్నాలే. ఈమధ్య దగ్గరికొస్తే గుప్పున సెంటు వాసన! జాగ్రత్తమ్మా, చేజారితే మళ్లీ దొరికే సరుకు కాదది."

ఆమె లాప్‌టాప్ మూత ఠపీమని మూసింది. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. కంచం ముందు కూర్చుంటే, మొదటి ముద్ద ఆమె నోట్లో పెట్టాకే ఆయన తినేవాడు. ఈ వారం ఆ సంగతే మరిచిపోయాడు. పైగా "ఆకలి లేదే" అంటాడు. ఎక్కడో తినొచ్చినవాడి మాట అది. ఇవాళ ముద్ద మరిచినవాడు రేపు ఇల్లు మరిచిపోడా? అప్పుడు ఖాళీ కుర్చీ ఎదురుగా పెట్టుకుని తను ఎవరితో దెబ్బలాడాలి?

"ఎవర్నైనా ఎక్కించుకున్నావా?" అని అడిగేసింది.

"నేనా? ఛ! గాలి తప్ప ఎవరూ ఎక్కలేదు."

"ఆ గాలి అరవై కిలోలు తూగుతోంది మరి."

ఆయన లేని దగ్గు తెచ్చుకుని బయటికి పోయాడు.

మర్నాడు ఆమె లాప్‌టాప్ తెరిచి ఒక పని చేసింది. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్‌లోకి పోయే పెట్రోలును పిచ్చుక గుటకంత చేసేసింది. వేడి ఇంజన్‌ను మళ్లీ లేపడానికి చల్లే పెట్రోలు కూడా కోసేసింది. ఉరికినంతసేపూ గుర్రమే. ఆగిందా, చచ్చినట్టే.

"ఇవాళ ఆగకు సుమా," అంది తియ్యగా.

"ఆగితే ఒట్టు!"

కాసేపటికి ఫోను మోగింది. "ఏమే, బండి ఆగిపోయింది. నువ్వు మాత్రం రాకు! ఎండగా ఉంది. నేనే తోసుకొస్తా."

"అయ్యో, అలాగే," అని వెల్డర్ చేతిలోంచి స్కూటర్ తాళం లాక్కుంది. దారి పొడుగునా తిట్లు వరస పేర్చుకుంది. ఆ కోపం వేడికి స్కూటర్ చుక్క పెట్రోలు ముట్టకుండా పరిగెత్తిందని వెల్డర్ ఇప్పటికీ చెప్పుకుంటాడు.

క్వారీ మలుపులోనే దొరికారు. ఆయన వెనకనుంచి బండి తోస్తున్నాడు. చెమటకు జుట్టు రంగు కరిగి చెవుల మీదికి కారుతోంది. బండి మీద ఒకావిడ హ్యాండిల్ పట్టుకుని దర్జాగా కూర్చుంది. ఆవిడ నెత్తిన ఉన్నది ఎవరి హెల్మెట్టు? ఈమెదే!

"దిగు," అంది ఆమె. "ఆ హెల్మెట్టు నాది. ఆ బండిని దారికి తెచ్చింది నేను. ఆ మనిషి కూడా నా..."

పేర్చుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన బండి వెనక్కి ఇంకాస్త నక్కాడు.

ఆవిడ నెమ్మదిగా దిగింది. హెల్మెట్టు తీసి ఆమె చేతికిచ్చింది. నెరిసిన జుట్టు సర్దుకుంది.

"ఇంట్లో నిన్ను అడగమంటే మీ నాన్న రోజూ దడుచుకుని అడక్కుండానే వచ్చేస్తున్నాడు గానీ, నేనే అడుగుతున్నాను తల్లీ, ఈయన్ని నాకిచ్చి పెళ్ళి చేస్తావా?"