నిద్రలో నవ్వే అమ్మాయి

స్టేజీ మీద నలుగురు ముసలాళ్లు తలలు ఊపుతున్నారు.

నలుగురికీ ఒకే రకం నల్ల కోట్లు. పొట్టల మీద బొత్తాలు నిలవడం లేదు. నుదుటి మీద పడేలా కత్తిరించిన జుట్టుకు బూట్ పాలిష్ లాంటి రంగు. 1979లోనే ఈ వేషం పాతది. పదిహేనేళ్ల కిందటి గిటార్ బ్యాండ్లను చూసి కాపీ కొట్టారు. ఇప్పుడు, 2010లో, తమను తామే కాపీ కొడుతున్నారు.

ముందు వరసలో కూర్చున్న హనుమయ్య మొహం చిట్లించాడు.

"డాడీ, మీకు ఈ మ్యూజిక్ ఇష్టమా? ఐ నెవర్ న్యూ," అంది కూతురు ప్రణీత. హెర్న్‌డన్ నుంచి జెర్సీ సిటీ దాకా ఆమే డ్రైవ్ చేసింది.

"ఇష్టమా! రేకు మీద మేకుతో గీకినట్టుంది."

"మరి నాలుగు గంటలు ఎందుకు డ్రైవ్ చేయించారు?"

"వాడిని ఒక మాట అడగాలి." పాడుతున్న డెనిస్ వైపు గడ్డంతో చూపించాడు.

అప్పుడే ఆ పాట మొదలైంది. జనం ఈలలు వేశారు. అందులో ఒక అమ్మాయి. మంచులో గోడ పట్టుకుని నడిచే అమ్మాయి. నిద్రలో నవ్వే అమ్మాయి.

పెళ్లయ్యాక ఈ ఊళ్లోనే హనుమయ్య మొదటి కాపురం. కింద బేస్‌మెంట్‌లో ఈ నలుగురూ ప్రాక్టీస్ చేసేవాళ్లు. హనుమయ్యకు రెండు ఉద్యోగాలు. పైన భార్య వసుమతి ఒక్కతే.

ఒకరోజు ఆమే ఈ పాట ఉన్న రికార్డు తెచ్చి, నవ్వుతూ పెట్టింది. అట్ట వెనక థ్యాంక్స్ చెప్పిన పేర్లలో చివరిది వసు.

హనుమయ్య పాట విన్నాడు. తన పక్కన వసుమతి ఏనాడూ నిద్రలో నవ్వలేదు. మరి ఎవడి పక్కన నవ్వింది?

ఆమె ఏదో చెప్పబోయింది.

"నోరు ముయ్యి," అన్నాడు. రికార్డును మోకాలికేసి విరిచాడు. వారంలో ఇల్లు మార్చాడు. మళ్లీ ఆ ఊసెత్తనివ్వలేదు. ముప్పై ఏళ్లు ఆమె వండింది తిన్నాడు, ఒక కూతుర్ని కన్నాడు, అంతే. మొన్న మార్చిలో, ఆసుపత్రిలో ఆఖరి రోజున ఆమె చెయ్యి చాపితే పట్టుకోలేదు.

షో అయ్యాక డెనిస్ బల్ల ముందు కూర్చుని సీడీలు అమ్ముతున్నాడు. చెమటకు రంగు కరిగి చెవి పక్కన నల్లగా కారుతోంది.

"వసు గుర్తుందా?" హనుమయ్య ఇంగ్లిష్‌లో అడిగాడు.

డెనిస్ ముఖం వెలిగింది. "వసూనా! మా పైఇంట్లో ఉండేది. ఎలా ఉంది?"

"చచ్చిపోయింది."

డెనిస్ చేతిలో పెన్ను కింద పెట్టాడు. "అయ్యో. మీరు ఆమెకు..."

"అది నీకు అనవసరం. ఆ పాటలో అమ్మాయి ఆమేనా? నిద్రలో నవ్వుతుందని నీకెలా తెలుసు? ఆమెతో పడుకున్నావా?"

"డాడీ! స్టాప్ ఇట్!" ప్రణీత చెయ్యి పట్టి లాగింది. హనుమయ్య విదిలించుకున్నాడు.

డెనిస్‌కు కోపం రాలేదు. తల అడ్డంగా ఊపాడు.

"అసలు ఆ పాటలో అమ్మాయే లేదు సర్, వసు తన మొగుడి మీద రాసుకున్న పాట అది, పాడేది మగాళ్లం కదా అని మేమే అతన్ని అమ్మాయిని చేసేశాం."