పేరు చెక్కించిన గుండిగ

పన్నులన్నీ ఎత్తేసిన నాడు బందరులో బాణసంచా కాల్చారు. షరతు ఒక్కటే: ప్రతి ఇల్లూ కిందటి నెలకన్నా ఈ నెల ఎక్కువ కొనాలి. కొనకపోతే మాఫీ అయిన పన్నంతా వడ్డీతో కట్టాలి. దేశం ఎదగాలంటే అంతే మరి!

కొనగా కొనగా ఇళ్లలో చోటు లేకుండా పోయింది. అప్పుడు స్వరాజ్యం వాళ్ల వీధి ఆడవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకే స్టీలు గుండిగను పొయ్యి ఎక్కించకుండా, ఒకరి దగ్గర ఒకరు కొనుక్కుంటూ పోయారు. చేయి మారినప్పుడల్లా ధర పెరిగేది. ఇంటింటా కొన్నది లెక్కకట్టడానికి సర్కారు బిగించిన గోడమీది వృద్ధి యంత్రం "శభాష్" అనేది.

నిన్న దాన్ని స్వరాజ్యం కొంది. ఇవాళ తన వంతుకు పక్కింటి మస్తానమ్మ వచ్చేసరికి గుండిగ అంచున పేరు మెరుస్తోంది.

"ఎవరు చెక్కించారు ఇది?" అడిగింది మస్తానమ్మ.

"నేనే. డబ్బెట్టి కొన్నాక పేరు లేకుండా ఎట్టా?" అంది స్వరాజ్యం అత్తగారు నాంచారమ్మ, మురిసిపోతూ.

పేరు పడితే పాత సామానే. పాత సామాను యంత్రం లెక్కలోకి రాదు.

"నెలాఖరు ఇయ్యాలేనే. ఇప్పుడు నేనేం కొనేది?" అంది మస్తానమ్మ. గదంతా వెతికిన ఆమె చూపు, పసివాడు నిద్రపోతున్న చెక్క ఉయ్యాల దగ్గర ఆగింది.

"దానిమీద పేరు లేదు కదా?"

స్వరాజ్యం, నిద్ర చెడకుండా, పిల్లాణ్ణి ఉయ్యాల్లోంచి తీసి మెల్లగా భుజాన వేసుకుంది.