కండ మాత్రమే

గదిలో గడియారం లేదు. అయినా చీకట్లో ఏదో టిక్కు టిక్కుమంటోంది.

“అమ్మా, ఏమిటా చప్పుడు?”

“నీ మిషన్‌దేరా. సంచి పిల్ల మంచానికి తగిలించానా, అప్పట్నుంచీ ఒకటే గోల.”

అతను లేచాడు. అణువిద్యుత్ కేంద్రం నీళ్లు కలిసే సముద్రంలో పట్టిన చేపల్ని పరీక్షించే ల్యాబులో అతని ఉద్యోగం. పొద్దున్నే పడవల దగ్గరికి వెళ్లాలని రేడియేషన్ తగిలితే టిక్కుమనే మీటరు మొదటిసారి ఇంటికి తెచ్చాడు. స్విచ్ సంచిలోనే నొక్కుకుపోయినట్టుంది. దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లాడు. చప్పుడు దాదాపు ఆగిపోయింది. తోమి బోర్లించిన సూప్ గిన్నె దగ్గరా అంతే. హమ్మయ్య అనుకున్నాడు.

మంచం దగ్గరికి రాగానే మళ్లీ మొదలైంది.

ల్యాబులో కండ మాత్రమే కొలుస్తారు. జనం తినేది అదేగా! కానీ సముద్రంలో కలిసిన రేడియేషన్ పదార్థం నాచులోకి, నాచు తిన్న చేపలోకి, దాన్ని మింగిన పెద్ద చేప ముల్లులోకి చేరుతుంది. కండ తీశాక మిగిలిన తలలూ ముళ్లూ పారేయడానికి మనసొప్పక అతను ఇంటికి తెచ్చేవాడు. పిల్ల ఎముకలు గట్టిపడతాయని అమ్మ వాటిని మరిగించి సూప్ చేసేది.

మీటరు తన గుండెకు ఆనించుకున్నాడు. నిశ్శబ్దం. అతనికి నీచు వాసన పడదు. తన వాటా కూడా పిల్లకే పోసేవాడు.

నిద్రలో ఆవలించిన పిల్ల నోటి దగ్గర టిక్కులు ఏకధాటిగా మోగాయి.

“ఆపరా, పిల్ల లేస్తుంది,” అంది అమ్మ.

స్విచ్ నొక్కాడు. ఇల్లంతా సద్దుమణిగింది.

చీకట్లోంచి కూతురి గొంతు మెల్లగా వినిపించింది.

“ఇంకా ఆగలేదు నాన్నా. నాకు రోజూ రాత్రి ఇంతే.”