నురగ మాస్టారు

గడ్డం నున్నగా ఉంది. అయినా ఆ పెద్దాయన సెలూన్ కుర్చీలో కూర్చుని, "సబ్బు రాయండి, చాలు" అన్నాడు.

"మరి గీకొద్దా?" అడిగాడు సెలూన్ ఆయన.

"వద్దు. నీళ్లు మీ బావివేగా?"

"మా నాన్న తవ్వించిన బావండీ. వీధంతా ఆ నీళ్లే తాగుతుంది."

పెద్దాయన అద్దంలో నురగను కాసేపు చూసుకుని, తుడుచుకుని వెళ్లిపోయాడు.

ప్రతి నెలా ఇదే తంతు. వీధివాళ్లు ఆయనకి నురగ మాస్టారని పేరు పెట్టేశారు.

"పెళ్లిచూపులకా మాస్టారూ?" అని బెంచీ మీదవాళ్లు నవ్వితే ఆయనా నవ్వేవాడు.

ఒకసారి బ్రష్షు ఎంత తిప్పినా నురగ రాలేదు. గిన్నెలో తెల్లటి తెట్టు తేలింది.

"పాడు సబ్బు," అన్నాడు సెలూన్ ఆయన.

పెద్దాయన ముఖం వాడిపోయింది.

"సబ్బు మంచిదే. కొండవతల ఫ్యాక్టరీ పొగలోని గ్యాసుని భూమిలోకి దించుతున్నారు కదా. అది కింద పారే నీళ్లలో కరుగుతుంది, సోడాలో లాగా. ఆ నీళ్లు దారిలో సున్నపురాళ్లని కరిగించుకుంటూ ఇక్కడిదాకా వచ్చేశాయి. సున్నం కలిసిన నీళ్లకి నురగ రాదు, నెలనెలా నేను చూస్తున్నది అదే. ఇక తాగకండి. నాతో ఫ్యాక్టరీకి రండి. నేనొక్కణ్ణే చెబితే మతి పోయిందంటారు. మీ నీళ్లే సాక్ష్యం."

బెంచీ మీదవాళ్లు సెలూన్ ఆయన వైపు చూశారు.

సెలూన్ ఆయన పెద్దాయన మెడలోని తువ్వాలు లాగేశాడు.

"మా నాన్న బావికి వంక పెడతారా? గడ్డం లేనివాడికి సబ్బు రాసినందుకు నాకు బాగా శాస్తి అయింది. మళ్లీ ఈ గడప తొక్కకండి."

ఆయన తొక్కలేదు.

ఏడాది తిరిగేసరికి బావి నీళ్లు పుల్లబడ్డాయి. ఇనుప గొట్టాలకి చిల్లులు పడ్డాయి. సెలూన్ ఆయన భార్య కడుపు పట్టుకుని మంచం దిగడం లేదు.

అతను సీసాలో నీళ్లు పట్టుకుని ఫ్యాక్టరీ ఆఫీసుకి వెళ్లాడు.

"మేం గ్యాసు దించినచోట నీళ్లు కదలవయ్యా," అన్నాడు ఆఫీసరు. "కదలని నీళ్లు మీ బావికెలా వస్తాయి? కదులుతాయని చెప్పగలిగే మనిషిని తీసుకురా, వింటాం."

"ఒకాయన ఉండేవాడండీ."

"ఎవరు?"

పేరు ఎప్పుడూ అడగలేదు.

సీసా తీసుకుని లేచాడు. గుమ్మం పక్కన గోడ మీద, గ్యాసు దించిన మొదటి రోజు ఫోటో. వాల్వు మీద చెయ్యేసి, నున్నటి గడ్డంతో ఒకాయన నవ్వుతున్నాడు.

"ఈయనేనండీ!" సెలూన్ ఆయన ఫోటో మీద వేలు పెట్టాడు.

"మా పాత చీఫ్ ఇంజనీరు. పోయిన నెలలోనే చనిపోయారు," అన్నాడు ఆఫీసరు. "ఇక్కడ ఆయన మాటకి తిరుగులేదు. కింద నీళ్లు కదలవని తేల్చి, సంతకం పెట్టింది ఆయనే."