పట్టుగౌను, పాలకేను

"ఇది దొరసానా, దొరసాని పనిమనిషా? ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు తిరుగుబాటు కమిటీ అధికారి.

బొమ్మలాయన బల్ల వైపు వంగాడు. బల్ల మీద పరిచి ఉన్నది ఆయన వేసిన బొమ్మే. నిరుడు తిరుగుబాటు మొదలైన వారంలో వేసింది. ఆకుపచ్చ పట్టుగౌను తొడుక్కుని, చేత్తో పాలకేను పట్టుకుని వీధి మలుపు తిరుగుతున్న ఆడమనిషి. ఆ మనిషే ఇప్పుడు ముతక బట్టల్లో, అధికారి పక్కన తల వంచుకుని నిలబడింది.

"పనిమనిషినయ్యా" అందామె. "ఆ గౌను మా దొరసానిది. ఆవిడ అన్నీ వదిలేసి పారిపోయిన పొద్దున, ముచ్చటపడి ఒక్కసారి తొడుక్కున్నా. ఆ ఒక్కసారే ఈ మహానుభావుడి కళ్ళబడాలా?"

"దొరసానివైతే సాయంత్రానికి ఉరి. నీకు వత్తాసు పలికితే ఈయనకీ అదే."

కమిటీ వచ్చాక న్యాయానికి పరిగెత్తే కాళ్ళొచ్చాయి మరి.

అధికారి గది కలయజూశాడు. గోడల నిండా ఆడవాళ్ళే. రొట్టెల కోసం వరస కట్టినవాళ్ళు, గౌన్లకున్న లేసులు ఊడదీసుకుంటున్నవాళ్ళు, టోపీలు మానేసి తలకి రుమాళ్ళు చుట్టుకున్నవాళ్ళు.

"దేశం తగలబడుతుంటే నువ్వు గౌన్ల కుచ్చిళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నావా?"

"తగలబడేది అందరూ చూస్తున్నారు కదా సార్. కుచ్చిళ్ళు ఎవరూ చూడ్డం లేదని..."

"వెటకారమా?"

"నా మొహానికి వెటకారం కూడానా!"

మూలన చిరుగులు కుట్టుకుంటున్న భార్య అందుకుంది. "మొదట్నించీ ఇంతే బాబూ. నా ముక్కు వంకరో తిన్ననో అడుగు, నీళ్ళు నములుతాడు. పెళ్ళిలో నేను తొడుక్కున్న గౌను అడుగు, బొత్తాలతో సహా అప్పజెప్తాడు."

అబద్ధం కాదు. ఈ బొమ్మ వేసిన రోజూ ఆయన చూసింది పట్టు మీద ఎండ పడ్డ తీరు. లోపలున్న మనిషి దొరసానో దాసీయో ఎవడికి కావాలి? ఇప్పుడు కావలసొచ్చింది.

"చేతులు చాపు" అన్నాడు అధికారి ముతక బట్టల మనిషితో.

చాపింది. అరచేతులు బీటలువారి ఉన్నాయి.

"చాకిరీ చేతులయ్యా. బట్టలుతికీ ఉతికీ..."

"ఏడాది ఉతికితే మహారాణి చేతులైనా ఇలాగే అఘోరిస్తాయి. ఊఁ, నువ్వు చెప్పవయ్యా!"

బొమ్మలాయన బొమ్మకేసి చూశాడు. ఆమెకేసి చూశాడు. ఏదో ఒకటి అనకపోతే ఇద్దరి మెడలకీ ముప్పే.

"ఆ పాలకేను చూడండి సార్. దొరసానులు పాలకోసం గుమ్మం దిగడం నా జన్మలో చూళ్ళేదు. పట్టు తొడుక్కుని కేను మోసిందంటే, పనిమనిషే" అనేశాడు.

ఇంట్లో పనివాళ్ళంతా తిరగబడి వెళ్ళిపోతే దొరసాని అయినా పాలకి రాక చస్తుందా అన్న ఆలోచన, ఆయన ఆలోచనలన్నిటిలాగే, నోరు జారాకే వచ్చింది. నాలిక కరుచుకున్నాడు.

అధికారి బొమ్మను చుట్టచుట్టి పక్కన పడేశాడు.

"సరే, పో. ఇంకెప్పుడూ పట్టు జోలికి పోకు."

భార్య గట్టిగా నిట్టూర్చింది. ముతక బట్టల మనిషి కళ్ళు తుడుచుకుంది. "మీ కడుపు చల్లగుండ" అని అందరికీ దండం పెట్టి తలుపు వైపు నడిచింది. బయట వాన మొదలైంది. వచ్చినప్పుడు ఆమె విప్పిన అతుకుల కోటు గోడ మేకుకు వేలాడుతోంది.

ఆమె దాన్ని అందుకోలేదు. తలుపు ముందు ఆగి, వెనక్కి తిరిగి చూడకుండానే, రెండు చేతులూ కాస్త వెనక్కి చాపి నిలబడింది.

భార్య చేతిలో సూది ఆగిపోయింది.

అప్పటికే అధికారి మేకు మీది కోటు అందుకుని, ఆమె చేతులకి తొడిగి, కాలరు సర్ది, తల వంచి రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.