ఓడిపోవలసిన కుళాయిలు

"దిగండర్రా! అందరూ కిందికి దిగండి!" చిన్మయి గట్టిగా అరిచింది.

హౌరాలోని టికియాపారా రైల్వే క్వార్టర్ల వెనక, చిన్నపిల్లల బడి గోడకున్న ఐదు కుళాయిల దగ్గర పాతికమంది తోసుకుంటూ చేతులు కడుక్కుంటున్నారు. కుళాయిల ముందు, రైలు పట్టాల కింద వేసే పాత చెక్క దుంగలు మెట్లలా పేర్చి ఉన్నాయి. ఆమె కేకకి పిల్లలు సబ్బునురగ చేతులతోనే బిక్కమొహాలు వేసి నిలబడిపోయారు.

ఆ కుళాయిలు కట్టించింది చిన్మయి పనిచేసే విదేశీ సంస్థే. పెద్దవాళ్ళ ఎత్తులో కట్టారనీ, పిల్లలకి అందవనీ, ఒక్కరూ వాడటం లేదనీ ఆమె ఫొటోలతో సహా రాసి పంపింది. 'మన పొరపాట్లు నేర్పిన పాఠాలు' అన్న పోటీలో జెనీవాలోని పెద్దాఫీసు దానికే మొదటి బహుమతి ఇచ్చింది. ఇప్పుడు ఆ పొరపాటుని కళ్ళారా చూసి వీడియో తీసుకుందామని అక్కడినుంచి నలుగురు వస్తున్నారు. నెలాఖరుకి ముగిసే ఆమె ఉద్యోగాన్ని పొడిగించేదీ లేనిదీ వాళ్ళే తేలుస్తారు.

సంతోషించాలో ఏడవాలో తెలియక, వాళ్ళని కారులో తీసుకొస్తున్న మేనేజరు శ్యామసుందర్‌కి ఫోన్ చేసింది.

"సార్, పిల్లలు చేతులు కడుక్కుంటున్నారు."

"ఎక్కడ?"

"మన కుళాయిల దగ్గరే."

"ఎందుకు?"

"చేతులు మురికిగా ఉన్నాయేమో సార్."

"వేళాకోళమా? హౌరా బ్రిడ్జి దాటేశాం. నెగ్గిన పనుల ఫొటోలు మన దగ్గర బీరువాలనిండా ఉన్నాయమ్మా. వీళ్ళు ఇంతదూరం వచ్చింది ఓడినదాన్ని చూడటానికి!"

"పిల్లలకి అందుతున్నాయంటే మంచిదే కద సార్?"

"మంచిదే. రేపటికి మంచిది. ఇవాళ్టికి కాదు." ఫోన్ పెట్టేశాడు.

బడిలో వంట చేసే, అందరూ మాసీ అని పిలిచే అప్పాయమ్మ, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "ఏటి దీదీ, పిల్లల్ని తిడతన్నారు?"

"ఈ దుంగలు ఎవరు పెట్టారు మాసీ?"

"మేవే. ఏటి, తప్పా?"

"తప్పు కాదు... తప్పే... నాకేం అర్థం కావడం లేదు మాసీ. పిల్లలు కడుక్కోవట్లేదని రాసి బహుమతి తెచ్చుకున్నాను. వాళ్ళొచ్చి ఇది చూస్తే అబద్ధాలకోరునంటారు. నా ఉద్యోగం పోతుంది."

అప్పాయమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత వంటింటివైపు తిరిగి రెండు చప్పట్లు చరిచింది. నలుగురు ఆడవాళ్ళు కొంగులు దోపుకుంటూ వచ్చి, మాటైనా లేకుండా దుంగలు ఎత్తి షెడ్డు వెనక పడేశారు. పిల్లలు సబ్బులు తీసుకుని లోపలికి పరుగెత్తి, వరసగా కూర్చున్నారు. ఒక బుడతడు తిరిగొచ్చి, తడిగచ్చు మీద గుప్పెడు దుమ్ము చల్లి మరీ వెళ్ళాడు.

చిన్మయి షెడ్డు వెనక్కి తొంగిచూసింది. "ఇంత చప్పున ఎలా చేశారు?"

"అలవాటే దీదీ. అంతా బాగుందంటే మీరింక రారు, సబ్బులూ రావు," అంది అప్పాయమ్మ. "మీరు ఫొటోలు తీసినరోజు కూడా ఇలాగే తీసేసినాం కదా!"