దువ్వెన నీడ

"నీడ మసకగున్నది భాయ్. బేగం సాహెబాకు నచ్చలే."

దీపాన్ని పరదా వెనుక నుంచి తెచ్చి తుకారాం చేతిలో పెట్టింది నౌకరు లతీఫా. మళ్లీ తిప్పి పంపారన్నమాట.

తుకారాంకు ఒళ్లు మండిపోయింది. అమీర్‌పేటలో రేకు దీపాలు చేసే కొట్టు అతనిది. మెడ వంచితే వంగే దీపం, కాడ లాగితే సాగే దీపం, ఏదైనా చేస్తాడు. వచ్చిన దర్జీలంతా అడిగేది ఒకటే, కుట్టు మీద చేతి నీడ పడకూడదని. ఈ పంజాగుట్ట బంగళాలో ఉన్న ఇక్బాల్ బేగం మాత్రం నీడే కావాలంటుంది!

అదీ మామూలు నీడ కాదు. తెల్లటి పరదా వెనుక దీపం పెట్టాలి. వెలుతురు పరదా నడుమ చాటంత మేరే పడాలి. దీపం ముందు దువ్వెన పెడితే, ఇవతల కూర్చున్నవాళ్లకు పళ్లు విడివిడిగా కనబడాలి. మనిషి నీడ మాత్రం పడకూడదు.

దీపానికి తొడిగిన రేకు టోపీకి రంధ్రం పెద్దది చేస్తే పళ్లన్నీ అలుక్కుపోతున్నాయి. చిన్నది చేస్తే నీడే తెలియడం లేదు. కాడ పొడుగు పెంచాడు, తగ్గించాడు. ఏం చేసినా ఏదో ఒక వంక.

"అసలెందుకక్కా గీ దీపం?"

"సోమవారం అదాలత్ నుంచి సాహెబు వస్తుండు. ఇది బేగం సాహెబాకు వాళ్ల నాయిన ఇచ్చిన ఇల్లు. చిన్నాయిన కొడుకు హాషం లేడూ, నాకే ఇచ్చేసిందని దావా ఏసిండు. కాయితం మీద ఏలిముద్రలు ఎవరైనా ఏయించుకుంటరని అదీ చెల్లదట, నౌకర్ల మాటా చెల్లదట. ఆమెనే సొంతంగ చెప్పాలె. లేకుంటే ఇల్లు పాయె, రోడ్డు మీద పడ్తం."

"మరి సాక్ష్యం నోటితోని చెప్తరా, దీపంతోని చెప్తరా?"

పరదా వెనుక గాజులు గలగలమన్నాయి. లతీఫా గబగబా లోపలికి వెళ్లి వచ్చింది.

"దీపం సంగతి చూస్కో, తక్కింది నీకెందుకు అంటుండ్రు."

ఆ మాటేదో ఆమే అనొచ్చు కదా! మిగతా బంగళాల్లో బేగంలు పరదా చాటు నుంచే గాజులవాడితో గీచి గీచి బేరమాడతారు. ఈమె ఇన్నిసార్లూ ఒక్క ముక్క మాట్లాడలేదు. రేకులు కొట్టేవాడితో మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయేమో.

కొట్టుకు వచ్చి, దీపం వెలిగించి, కాసేపు చూసి, విసుగెత్తి ఒక్క తోపు తోశాడు. దీపం బల్ల మీద పక్కకు తిరిగింది.

గోడ మీద రేకు కత్తెర నీడ గీత గీసినట్టు తేలింది.

తుకారాం నోరెళ్లబెట్టాడు. పట్టీలా వెడల్పుగా ఉన్న వత్తి ఇప్పుడు గోడకు అంచు చూపిస్తోంది. మంట సన్నబడింది, నీడకు పదును వచ్చింది. ఇంత చిన్న సంగతికి ఇన్నాళ్లు తల బద్దలు కొట్టుకున్నందుకు తనను తానే తిట్టుకున్నాడు. ఆ బేగంను ఇంకా ఎక్కువ తిట్టుకున్నాడు.

సోమవారం హాలు కిటికీలన్నీ మూశారు. పరదా వెనుక దీపం వెలిగింది. లతీఫా దువ్వెన అడ్డం పెట్టింది. ప్రతి పన్నూ కనబడింది. కాడ జారితే సరిచేయడానికి తుకారాంను ఒక మూల నిలబెట్టారు.

అదాలత్ సాహెబు కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా హాషం తమలపాకు నములుతున్నాడు.

"బేగం సాహెబా, ఈ ఇల్లు మీరు హాషంకు ఇచ్చిండ్రా?"

పరదా వెనుక గాజులు మాత్రం గలగలమన్నాయి.

హాషం మీసాల చాటున నవ్వాడు. తుకారాం పళ్లు నూరాడు. దీపం దీపం అని తన ప్రాణం తీసింది, ఇల్లు పోతున్నా నోరు విప్పదా ఈ మహాతల్లి! ఇంత పొగరా!

చాటంత ఆ వెలుతురులోకి అప్పుడు రెండు చేతుల నీడ లేచి, పది వేళ్లూ విడివిడిగా కదులుతుండగా, అందరికీ తెలిసే సైగలతో 'ఇవ్వలేదు, ఇల్లు నాదే' అని పుట్టుమూగ ఇక్బాల్ బేగం తన సాక్ష్యం తానే చెప్పింది.